మూడో ఆవలింత

ముప్ఫై ఒక్క ఏళ్ళు బస్సులో కండక్టరుగా నిలబడ్డ మనిషికి నేల ఊగకపోతేనే కళ్ళు తిరుగుతాయి. మన కండక్టరమ్మ సంగతి సరిగ్గా అదే. రిటైరైన కొత్తలో ఇల్లు ఎటూ కదలకపోయేసరికి, గుమ్మం పట్టుకుంటే గానీ వంటింట్లోకి వెళ్ళలేకపోయేది. కొండదారుల్లో ఒంటికాలి మీద నిలబడి, ఒక చేత్తో టికెట్లు కొడుతూ, ఇంకో చేత్తో ఎవరి పిల్లాణ్ణో ఎత్తుకుని, నోటితో ఇంకెవరితోనో పోట్లాడుతూ బతికిన మనిషి. ఆ ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆవిడ బస్సులో సుమారు పద్నాలుగు లక్షల మంది వాంతి చేసుకున్నారని ఒక అంచనా. అంచనా ఆవిడదే. ఆవిడ మాత్రం ఒక్కసారంటే ఒక్కసారి చేసుకోలేదు. కూతుర్ని కడుపులో మోస్తున్నప్పుడు కూడా, "డ్యూటీలో ఉన్నాను, దిగాక చూద్దాం" అని కడుపుతో చెబితే కడుపు వినేది.

అలాంటి మనిషికి, అరవై మూడో ఏట, పరాయి దేశంలో, సొంత మనవడి నోట "డోకు అమ్మమ్మ" అని పేరొచ్చింది.

పాము పగ పన్నెండేళ్ళంటారు. కండక్టరమ్మకి అంత వ్యవధి లేదు. ట్రిప్పు మొత్తం పది రోజులే.

అద్దెకి తీసుకున్న వ్యానులో ఆరుగురు. స్టీరింగు దగ్గర అల్లుడు. పళ్ళ డాక్టరు. "నోరు తెరవండి" అనడానికి తప్ప తన నోరు తెరవడు. అతని పక్కన, ముందు సీట్లో, అతని తండ్రి, అంటే కండక్టరమ్మకి వియ్యంకుడు. రిటైర్డ్ బ్రేకు ఇనస్పెక్టరు. లైసెన్సు కోసం వచ్చినవాళ్ళ పక్కన కూర్చుని, బండి నడిపించి, పాసో ఫెయిలో రాసే ఉద్యోగం. ఆయన చేతిలో పాసైనవాళ్ళు దొరికితే మ్యూజియంలో పెట్టొచ్చు, అంత తక్కువ. రెండో వరసలో రెండు పిల్లల సీట్లు, ఒకదాంట్లో ఏడేళ్ళ పెద్దది, ఇంకోదాంట్లో నాలుగేళ్ళ బుడ్డోడు. ఆ రెండిటి మధ్యా ఇరుకులో కండక్టరమ్మ. మూడో వరసలో సామాన్ల పక్కన ఆవిడ కూతురు, ఆస్పత్రిలో నర్సు. ఒకరి రోగం ఇంకొకరికి అంటకుండా చూడటం ఆ పిల్ల డ్యూటీ.

ఆ మధ్య ఇరుకు సీటు కోసమే కండక్టరమ్మ రెండేళ్ళు ఎదురు చూసింది. కూతురి కాపురం దూరం. మనవలు కనబడేది రెండేళ్ళకోసారి, అదీ నాలుగు రోజులు, అందులో రెండు రోజులు జ్వరం. ఇప్పుడు పది రోజుల పాటు ఇటు పెద్దది, అటు బుడ్డోడు, బిస్కెట్ పొడి ఒళ్ళంతా. ఎవరైనా వచ్చి "నీకు మోకాళ్ళ ముందు నాలుగంగుళాల చోటు కూడా లేదు" అంటే, "నాలుగా! అంత ఎందుకు?" అనేది.

మొదటి రోజు మధ్యాహ్నం కొండ ఎక్కారు. మలుపు మీద మలుపు. ముందు సీట్లో బ్రేకు గారు కొడుక్కి ఆపకుండా పాఠం చెబుతున్నాడు.

"అద్దం చూడు. క్లచ్ మీంచి కాలు తియ్యి. ఎత్తు మీద ఆపకూడదు, అది చేతకానివాడి లక్షణం. నా సర్వీసులో ఎత్తు మీద ఆపినవాణ్ణి ఒక్కణ్ణి పాస్ చెయ్యలేదు."

"ఊఁ," అన్నాడు అల్లుడు.

"నేనున్నానుగా, మనకేం ఢోకా లేదు."

కొండ మీద పెట్రోలు బంకు వచ్చింది. అల్లుడూ కూతురూ కాఫీకి దిగారు. పిల్లలు నిద్రలో ఉన్నారు. కండక్టరమ్మ చేతిసంచీ సీట్లో పెట్టి బాత్రూమ్‌కి వెళ్ళింది. వ్యానులో మెలకువగా మిగిలింది బ్రేకు గారొక్కరే.

ఆవిడ తిరిగొచ్చేసరికి వ్యాను తలుపులన్నీ బార్లా తీసి ఉన్నాయి. పిల్లలు లేచి ముక్కులు మూసుకుని ఉన్నారు. కూతురు చేతికి గ్లవ్స్ వేసుకుని, ఆవిడ సంచీని రెండు వేళ్ళతో పట్టుకుని ఉంది. సంచీ నిండుగా ఉంది. దిగేటప్పుడు అందులో ఉన్నది ఒక్క శాలువా. రిటైరైన రోజు డిపోలో అందరూ కలిసి కప్పిన శాలువా.

"పాపం చెల్లెమ్మకి కడుపులో తిప్పినట్టుంది," అన్నాడు బ్రేకు గారు, వెనక్కి తిరక్కుండానే. "ఎవరూ ఏమీ అనకండి. పెద్దావిడ."

"ఎవరికి తిప్పింది?" అంది కండక్టరమ్మ.

"అమ్మా, ఒక మాట చెప్పొచ్చు కదా. ముందే ఆపేవాళ్ళం," అంది కూతురు.

"నేను కాదే! నేనిప్పుడే బాత్రూమ్‌ నుంచి వస్తున్నా."

"దిగే ముందే అయ్యుంటుంది. సరేలే, సిగ్గెందుకు? వయసైతే అందరికీ అంతే."

"నాకా! నాకు వయసు... ఒసేయ్, నేను ముప్ఫై ఒక్క ఏళ్ళు..."

"అమ్మమ్మా," అన్నాడు బుడ్డోడు చాలా ఆసక్తిగా, "నువ్వు సంచీలో డోక్కున్నావా?"

నింద వేస్తే కండక్టరమ్మ కడిగేసేది. పాత టికెట్టు చూపించి దబాయించిన పహిల్వాన్లనే కడిగేసింది. కానీ జాలిని ఏం పెట్టి కడగాలి? కూతురు ఆవిడ నోట్లో మాత్ర వేసింది, ఒక ప్లాస్టిక్ కవరు రెండు చెవులకీ తగిలించింది, తీసుకెళ్ళి మూడో వరసలో కిటికీ పక్కన ఒంటరిగా కూర్చోబెట్టింది. మధ్య ఇరుకు సీట్లోకి కూతురు వచ్చేసింది. వాంతి వచ్చేవాళ్ళని తీసుకెళ్ళి వెనక చక్రం మీద కూర్చోబెట్టేవాళ్ళు కూడా నర్సులేనా అని కండక్టరమ్మ అడుగుదామనుకుంది. చెవులకి కవరుండగా ఏమడిగినా గౌరవంగా ఉండదని ఊరుకుంది.

ఆ సంచీ పారేసే ముందు ఆవిడ ఒకసారి లోపలికి తొంగి చూసింది. సర్వీసులో అలవాటైన కళ్ళు. పుట్టగొడుగు ముక్కలు. పొద్దున హోటల్లో టిఫిను బల్ల మీద పుట్టగొడుగుల పళ్ళెం ఖాళీ చేసింది భూమండలంలో ఒక్కరే. పైగా ఆ ఒక్కరి మీసం ఇప్పుడు తడిసి, దువ్వి, పండక్కి తయారైనట్టుంది.

"అన్నయ్యగారూ, మొహం కడుక్కున్నట్టున్నారు?" అంది వెనక నుంచి.

"దుమ్ము చెల్లెమ్మా. ఈ దేశంలో దుమ్మెక్కువ."

ఆ దేశంలో దుమ్ము అనేది చూడాలంటే ముందుగా అర్జీ పెట్టుకోవాలి. అంత శుభ్రం.

రెండో రోజు పొద్దున టిఫిను దగ్గర బుడ్డోడు ఆవిడ పక్క కుర్చీ ఎక్కబోయి, ఆగి, ముక్కు పట్టుకుని, నాలుగు కుర్చీల అవతలికి పోయి కూర్చున్నాడు. "అక్కడ డోకు అమ్మమ్మ ఉంది," అని వడ్డించే అమ్మాయికి కూడా చెప్పాడు. ఆ అమ్మాయికి భాష రాదు గానీ ముక్కు పట్టుకుంటే ఏ భాషలోనైనా అర్థమవుతుంది.

కండక్టరమ్మ కాఫీ తీసుకుని బయట మెట్ల మీదికి వెళ్ళి, వియ్యపురాలికి ఫోన్ చేసింది. బ్రేకు గారి భార్య. ట్రిప్పుకి రాలేదు.

"వదినగారూ, ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీకు ప్రయాణాలు పడవటగా, అందుకే రాలేదటగా?"



"ఎవరన్నారు?"

"అన్నయ్యగారే."

"ఏం జరిగింది వదినా? సంచీనా?"

కండక్టరమ్మ కాఫీ కప్పు మెట్టు మీద పెట్టింది. "మీకెలా తెలుసు?"

"నాది పట్టుచీరల మూట," అంది వియ్యపురాలు. "పెళ్ళయిన మూడో రోజు. మా పుట్టింటి నుంచి కార్లో వస్తున్నాం. నేను కునుకు తీశాను. లేచేసరికి నా ఒళ్ళో మూట వెచ్చగా ఉంది. ఆయన కిటికీలోంచి పొలాలు చూస్తున్నారు. దిగగానే వాళ్ళమ్మతో 'దీనికి ప్రయాణం పడదే' అన్నారు. అంతే. నలభై రెండేళ్ళు. ఎవరింట్లో ఏం జరిగినా నన్ను వదిలేసి వెళ్ళారు. 'పాపం, ఆవిడకి పడదు' అని."

"మీరు చెప్పలేదా?"

"చెప్పకేం? అందరికీ చెప్పాను. అందరూ 'సిగ్గుపడకమ్మా' అన్నారు."

కండక్టరమ్మ మిగిలిన కాఫీ ఒక్క గుక్కలో తాగేసింది.

"వదినా," అంది వియ్యపురాలు, "మీరెళ్ళే దారిలో మలుపులున్నాయా?"

"ఆరో రోజు ఒక కనుమ ఉంది. ఎనభై నాలుగు మలుపులట. ఒక్కో మలుపుకీ నంబరు బోర్డు కూడా పెట్టారట."

"దేవుడున్నాడు," అని వియ్యపురాలు ఫోన్ పెట్టేసింది.

ఆరో రోజు దాకా ఆగడం కండక్టరమ్మ వల్ల కాలేదు. అదే తప్పయింది. నాలుగో రోజే మొదలుపెట్టింది.

మనిషికి కడుపులో తిప్పాలంటే ఏం కావాలో ఆవిడకి తెలిసినంతగా వైద్యులకి తెలియదు. కదిలే బండిలో చిన్న అక్షరాలు చదివించాలి. పక్కకి తిరిగి మాట్లాడించాలి. కిటికీలు మూయించాలి. ఇవన్నీ కుదిరాక ఆవలింతలు లెక్కపెట్టాలి. మొదటి ఆవలింతని అందరూ నిద్ర అనుకుంటారు. రెండోదానికి గుటక తోడవుతుంది. మూడోది వచ్చిందంటే కండక్టరు చేతిలో ఉన్నది ఒక్క నిమిషం. ఈ మూడో ఆవలింత సూత్రాన్ని నమ్ముకునే ఆవిడ ముప్ఫై ఒక్క ఏళ్ళు లక్షల మందిని సకాలంలో కిటికీలకి చేర్చింది. అదే సూత్రాన్ని తిరగేసి పట్టుకోవడం ఇదే మొదలు.

"అన్నయ్యగారూ," అంది తేనె కలిపిన గొంతుతో, "పిల్లలకి ఈ దేశం రోడ్డు రూల్స్ చెప్పకూడదూ? మీలాంటి అనుభవజ్ఞుడు బండిలో ఉండి కూడా వాళ్ళు కార్టూన్లు చూడటం నాకు బాధగా ఉంది."

పొగిడితే బ్రేకు గారు ముళ్ళకంప కూడా ఎక్కుతాడు. కూతుర్ని ముందుకి పంపి, తాను పిల్లల మధ్య ఇరుకులో దూరి, ఫోన్లో చీమ తలకాయంత అక్షరాలున్న రూల్సు పుస్తకం తీసి చదవడం మొదలుపెట్టాడు. వెనక నుంచి కండక్టరమ్మకి ఆయన చెవులు కనబడుతున్నాయి. ఎర్రగా ఉన్న చెవులు పదో పేజీకి గులాబీ రంగుకి, పద్నాలుగో పేజీకి సున్నం రంగుకి వచ్చాయి. ఆవలింత ఒకటి. ఆవలింత రెండు, గుటకతో సహా.

"తాతయ్యా, ఆ పసుపు బోర్డు ఏంటి?" అంది పెద్దది.

"అది... ముందర..." అన్నాడు తాతయ్య. ముందర ఏముందో చెప్పేలోపే మూడోది వచ్చింది. బుడ్డోడి ఇసక బకెట్ ఆయన చేతికి దొరికింది.

అయితే ఒక్క సంగతి కండక్టరమ్మ మర్చిపోయింది. వాంతి బస్సులో ఎప్పుడూ ఒంటరిగా ప్రయాణం చెయ్యదు. తాతయ్యని చూసి బుడ్డోడు, బుడ్డోణ్ణి చూసి పెద్దది, ముగ్గురికీ సాయం చెయ్యబోయి కూతురు. ఆస్పత్రిలో కోసిన పొట్టల్ని చూస్తూ మధ్యాహ్నం డబ్బా తినే కూతురు! అల్లుడు బండి పక్కకి తీసి, తలుపు తెరిచి, పద్ధతిగా, పళ్ళ డాక్టర్లా, ఒక మూలకి వెళ్ళి ముగించుకొచ్చాడు. వ్యానులో చలించనిది కండక్టరమ్మ ఒక్కతే. ఆ చలించకపోవడమే ఆవిడ కొంప ముంచింది.

"చూశారా," అన్నాడు బ్రేకు గారు, మీసం కడుక్కుని వచ్చి. "నేను మొదట్నుంచీ అనుకుంటూనే ఉన్నా. ఇది అంటువ్యాధి. చెల్లెమ్మతో మొదలైంది, ఆవిడకి తగ్గిపోయింది. ఇప్పుడు మనందరికీ అంటించింది పాపం."

కూతురు తలూపింది. అంటువ్యాధి అనే మాట వింటే ఆ పిల్లకి ఉద్యోగం గుర్తొస్తుంది. "సరే. మొదట వచ్చినవాళ్ళిద్దరూ వెనక వరసలో. మిగతావాళ్ళకి దూరంగా. కవర్లు తీయడానికి వీల్లేదు."

"నేనెందుకు? నాకేం ఢోకా..." అనబోయాడు బ్రేకు గారు.

"మామయ్యా, రూల్ అంటే రూల్."

ఆ మాట ఆయనదే. తల దించుకుని వెనక్కి ఎక్కాడు. బుడ్డోడు మాత్రం తన బకెట్ వైపు చూసి, కండక్టరమ్మ వైపు వేలు చూపించి ఏడ్చాడు. "డోకు అమ్మమ్మ నాక్కూడా అంటించింది! నేను అమ్మమ్మ దగ్గరికి ఎప్పుడూ వెళ్ళను! పెద్దయ్యాక కూడా వెళ్ళను!"

ఆ రోజంతా వెనక వరసలో పక్కపక్కనే  రెండు కవర్లు గాలికి రెపరెపలాడాయి.

ఆరో రోజు పొద్దున హోటల్ టిఫిను బల్ల దగ్గర కండక్టరమ్మ పళ్ళెం పట్టుకుని వియ్యంకుడి వెనకే తిరిగింది.

"ఖాళీ కడుపుతో కొండ ఎక్కకూడదు అన్నయ్యగారూ. ఇంకో రెండు గుడ్లు వేసుకోండి."

"చాలు చెల్లెమ్మా."

"ఆ జున్ను ముక్క మిమ్మల్నే చూస్తోంది. అయ్యో, పుట్టగొడుగులు మర్చిపోయారే, మీకిష్టం కదా!"

పుట్టగొడుగుల మాటకి ఆయన ఆవిడ మొహంలోకి ఒకసారి చూశాడు. ఆవిడ మొహంలో చెల్లెమ్మ తప్ప ఎవరూ లేరు. తిన్నాడు.

కనుమ మొదలైంది. మొదటి బోర్డు మీద 1 అని ఉంది. అల్లుడు ఇరవై కిలోమీటర్ల వేగంతో, అద్దాలు చూసుకుంటూ, క్లచ్ మీద కాలు పెట్టకుండా నడుపుతున్నాడు. మధ్య వరసలో కూతురూ పిల్లలూ. వెనక వరసలో ఇద్దరు రోగులు.

ఎనిమిదో మలుపు దగ్గర కండక్టరమ్మ గొంతు తగ్గించి కబుర్లు మొదలుపెట్టింది. "ఒకసారేమైందో తెలుసా అన్నయ్యగారూ? మా బస్సులో ఒకాయన ఎక్కాడు. మీలాగే పెద్దమనిషి. పొద్దున్నే ఆరు గుడ్లు తిని వచ్చాడట. వెనక చక్రం మీద సీటు. అదిగో, సరిగ్గా మీరు కూర్చున్న చోటే..."

"ఇంకేదైనా చెప్పండి చెల్లెమ్మా."

"ఇంకోటా? ఒకావిడ పెరుగు కుండతో ఎక్కింది. వేసవి. కుండ మీద మూత లేదు..."

పంతొమ్మిదో మలుపు దగ్గర మొదటి ఆవలింత వచ్చింది.

"నిద్రొస్తోందా?" అంది కండక్టరమ్మ.

"కొంచెం."

ఇరవై ఆరు దగ్గర బ్రేకు గారు ఆవిడ వైపు వంగాడు. నుదుటి మీద చెమట. "చెల్లెమ్మా. ఒకసారి బండి ఆపమంటారా?"

"మీరే అనండి. మీ కొడుకేగా."

"ఎత్తు మీద ఆపమని నేనెలా అంటాను? నా మాటకి విలువేముంటుంది? మీరు... మీకు బాలేదని చెప్పండి. మీరంటే ఆపుతాడు."

కండక్టరమ్మ ఆయన్ని తనివి తీరా చూసింది. చచ్చేముందు కూడా పక్కవాడి టికెట్టు మీదే పోదామనుకునే మనుషులుంటారని విన్నది గానీ ఇంత దగ్గర్నుంచి చూడ్డం ఇదే.

"నాకేమైంది అన్నయ్యగారూ? మనకేం ఢోకా లేదు. మీకు ఉన్నది డోకు. దీర్ఘం తీసి కొమ్ము పెట్టి చూడండి, ఎంత తేడా ఉందో!"

"చెల్లెమ్మా, దండం పెడతాను."

"దండం వద్దు. నా సంచీ ఎవరు నింపారో చెప్పండి. గట్టిగా, పిల్లలకి వినబడేట్టు. చెప్పిన మరుక్షణం నేను బండి ఆపమంటాను. నా మాట మాటే. దానితో పాటు మా వదినగారి పట్టుచీరల మూట సంగతి కూడా."

బ్రేకు గారి నోరు తెరుచుకుంది. అది ఆశ్చర్యమో ఆవలింతో చెప్పడం కష్టం. గుటక పడింది. అంటే రెండోదే. బోర్డు మీద 31.

"అది... మీకు..."

"ముప్ఫై రెండు," అంది కండక్టరమ్మ కిటికీలోంచి చూస్తూ. "ముప్ఫై మూడు. ఈ దేశంలో బోర్డులు ఎంత బాగా కనబడతాయో."

"నేనే," అన్నాడాయన.

"ఏంటి?"

"నేనే చెల్లెమ్మా."

"అబ్బే, వినబడలేదు. వెనక సీటు మాట డ్రైవరుకి చేరాలంటే పొట్టలోంచి రావాలి."

పొట్ట అనకుండా ఉండాల్సింది. ముప్ఫై ఏడో మలుపు దగ్గర మూడో ఆవలింత వచ్చింది. దవడ పూర్తిగా దిగింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ నిమిషంలో బ్రేకు గారికి పరువు కన్నా ప్రాణం, ప్రాణం కన్నా బండి ఆగడం ముఖ్యమైపోయాయి.

"నేనే!" అని అరిచాడు. వ్యాను అద్దాలు కదిలాయి. "సంచీలో నేనే! చెల్లెమ్మ కాదు! మీ నాయనమ్మ మూటలో కూడా నేనే! నలభై రెండేళ్ళ కిందట! దానికి ప్రయాణం బ్రహ్మాండంగా పడుతుంది!"

పిల్లలు వెనక్కి తిరిగారు. కూతురు చేతిలో నీళ్ళ సీసా ఆగిపోయింది. కండక్టరమ్మకి కావలసింది అంతే. కానీ ఆయన ఆగలేదు. కడుపులో ఉన్నది పైకి రావడం మొదలైతే ఏది ముందో ఏది వెనకో మనిషి చేతిలో ఉండదు.

"లైసెన్సు పరీక్షల్లో కూడా నాకే తిప్పేది! మూడో మలుపు కూడా తట్టుకోలేకపోయేవాణ్ణి! ఫెయిల్ అని రాసి దిగిపోయేవాణ్ణి! వాళ్ళందరూ బానే నడిపారు! నువ్వు కూడా బానే నడిపావురా నాన్నా! మూడుసార్లూ! నేనే... నాకే..."

 అద్దంలో అల్లుడి కళ్ళు తండ్రిని చూశాయి.

కండక్టరమ్మ మాట ఇచ్చింది, మాట నిలబెట్టుకుంది. వ్యాను పైకప్పు మీద రెండు దెబ్బలు వేసి, ముప్ఫై ఒక్క ఏళ్ళ గొంతుతో, "హోల్డాన్! హోల్డాన్!" అని అరిచింది.

మన బస్సుల్లో హోల్డాన్ అంటే ఆపు అని. పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. ఎద్దులకి తెలుసు. కండక్టరు కూతుర్ని చేసుకుని పదేళ్ళు కాపురం చేసిన అల్లుడికి తెలియకపోవడం అసంభవం.

"అత్తయ్యా," అన్నాడు అల్లుడు నెమ్మదిగా. సూది గుచ్చే ముందు "కొంచెం నొప్పిగా ఉంటుంది" అనే గొంతు అది. "హోల్డాన్ అంటే గట్టిగా పట్టుకోమనేగా?"

ఆపు అనే తెలుగు మాట ఒకటుందని కండక్టరమ్మకి ఆ క్షణంలో గుర్తు రాలేదు. గుర్తొచ్చాక కూడా కాసేపు గుర్తు రాలేదు.

"ఇంగ్లీషులో అంతే బాబూ," అంది.

వ్యాను వేగం ఇరవై నుంచి ఇరవై మూడుకి పెరిగింది.

"ఇది మొదటిసారి ఫెయిలైనదానికి నాన్నా," అన్నాడు అల్లుడు, ముప్ఫై ఎనిమిదో మలుపు తిప్పుతూ. పదేళ్ళలో అతను ఒకేసారి ఇన్ని మాటలు మాట్లాడటం కండక్టరమ్మ వినలేదు. "ఏడాదిన్నర సైకిల్ మీద తిరిగాను. వానలో తిరిగాను. ఇది రెండోసారిది. పెళ్ళిచూపులకి సైకిల్ మీద వెళ్ళాను. ప్యాంటుకి గ్రీజు."

"ఆ గ్రీజు చూసి కష్టపడే మనిషనుకున్నాను నేను," అంది కూతురు.

"ఇది మూడోసారిది. అద్దం చూస్తున్నాను నాన్నా. క్లచ్ మీద కాలు లేదు. ఎత్తు మీద ఆపట్లేదు. ఇప్పుడు పాసా, ఫెయిలా?"

"పా..." అన్నాడు బ్రేకు గారు.

రెండో అక్షరం బయటికి రాలేదు. దానికి బదులు పొద్దుటి గుడ్లూ, జున్నూ, పుట్టగొడుగులూ వచ్చాయి. రెండు రోజులుగా ఆయన చెవులకి ఊరికే వేలాడుతున్న కవరు అప్పుడు ఉద్యోగంలో చేరింది.

"పిల్లలూ! అందరూ ఆ దూరం కొండ చూడండి!" అని కేక వేసింది కండక్టరమ్మ. "ఎవరూ తాతయ్యని చూడకండి! ముక్కుతో గాలి పీల్చండి, నోటితో వదలండి! నువ్వు కూడా చూడకే, నర్సువట, మళ్ళీ మొదలెడతావు!"

ఈసారి ఒక్కరికి కూడా అంటుకోలేదు.

నలభై మూడో మలుపు దగ్గర రోడ్డు పక్కన బళ్ళు ఆపుకునే చోటొకటి వచ్చింది. అల్లుడు వ్యాను ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, దిగి తండ్రి వైపు తలుపు తీశాడు, ఆస్పత్రిలో పేషెంటుకి తీసినంత మర్యాదగా. బ్రేకు గారు రోడ్డు పక్క పిట్టగోడ మీద కూర్చున్నాడు. మీసం రెండు వైపులా కిందికి దిగిపోయింది.

బుడ్డోడు బెల్టు విప్పించుకుని వచ్చి కండక్టరమ్మ ముందు నిలబడ్డాడు.

"సంచీలో డోక్కుంది నువ్వు కాదా?"

"కాదు."

"మరి చెప్పలేదేం?"

"చెప్పానురా. నువ్వు ముక్కు మూసుకున్నావు, చెవులు కూడా మూసుకుపోయాయి."

వాడు ఆలోచించాడు. ముక్కు దగ్గర్నుంచి చెయ్యి తీసి ఒకసారి వాసన చూశాడు. కింది నుంచి పై దాకా చూశాడు.

"నేను నీ పక్కన కూర్చుంటా."

"ఎందుకో?"

"మిగతా సీట్లన్నీ తాతయ్య వాసన."

ఎందుకెక్కుతున్నావని కండక్టరు ఎవర్నీ అడగదు. వాణ్ణెత్తుకుని మధ్య వరసలోకి వచ్చి పక్కన కూర్చోబెట్టుకుంది. తమ్ముణ్ణి చూసి అక్క. పెద్దది కూడా వచ్చి రెండో వైపు ఇరుక్కుంది. "అమ్మమ్మా, పెరుగు కుండావిడ కథ సగంలో ఆపేశావు. నేను వింటూనే ఉన్నా," అంది.

"చెల్లెమ్మా," అన్నాడు బ్రేకు గారు గోడ మీంచి, పాతాళంలోంచి వస్తున్న గొంతుతో. "ఆపిస్తానని మాటిచ్చారు."

"ఆపమనే అన్నాను అన్నయ్యగారూ. బండి మీవాడి చేతిలో ఉంది. నేనేం చెయ్యను?"

"ఇప్పుడైనా నన్ను ముందు సీట్లో..."

"మీరు వెనకే కూర్చోండి నాన్నా," అన్నాడు అల్లుడు, చేతులు తుడుచుకుంటూ. "అక్కడికైతే నా క్లచ్ బాగా వినిపిస్తుంది."

కండక్టరమ్మ కొంగున చుట్టిన ఫోన్ తీసింది. పొద్దున టిఫిను దగ్గర్నుంచి అందులో కాల్ నడుస్తూనే ఉంది. ఆవిడ దాన్ని బ్రేకు గారి చేతికిచ్చింది. ఆయన తెర మీద భార్య మొహం చూసి, ముందు ఫోన్‌నీ, తర్వాత ఆకాశాన్నీ చూశాడు.

"ఏమండీ," అంది వియ్యపురాలు. చక్కగా తల దువ్వుకుని, పూల జాకెట్టు వేసుకుని, కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉంది. "అంతా విన్నాను. ఇంకా ఎన్ని మలుపులున్నాయి?"

"నలభై ఒకటి," అన్నాడాయన.

"అలాగా. వదినా, ఈ ఫోన్‌ని ఎక్కడైనా నిలబెట్టండి, ఆయన మొహం కనబడేట్టు. నాకు ఇవాళ వేరే పనేమీ లేదు."